కొలత తప్పిన మందు

క్రితం వారం ఆవకాయ కొలతలు రాస్తానని మాట ఇచ్చాను. కాయలు బజారులోకి వచ్చేశాయి, ఇంకా రాయరేమని ఇద్దరు ముగ్గురు పాఠకురాళ్ళు కోప్పడుతూ ఉత్తరాలు కూడా రాశారు. ఆవకాయ ఇంకొక్క వారం ఆగాలి. ఈ పదిహేను రోజులుగా మా ఇంట్లో మాటలన్నీ ఒక చిన్న ట్యూబు చుట్టూ తిరుగుతున్నాయి. అలాంటి ట్యూబు మీ ఇంట్లో కూడా అద్దం వెనకో, అమ్మాయి సంచిలోనో ఉండే ఉంటుంది. అంచేత ముందు దాని సంగతి చెప్పి, ఆ తరవాత జాడీ కడుగుతాను.

మా ఆడపడుచుకి ఒక్కతే కూతురు. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం. ఈ నెలాఖరులో నిశ్చితార్థం పెట్టుకున్నారు. వాళ్ళది తెనాలి. పిల్ల ముందుగా బెజవాడలో మా ఇంట దిగి, చీరలూ జాకెట్లూ చూసుకుని, తరవాత తెనాలి వెళ్ళాలని ఏర్పాటు.

రైలు దిగి వచ్చింది. ముఖమంతా చున్నీ చుట్టుకుంది. కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. మా ఊరి ఎండకు భయపడింది కాబోలు అనుకున్నాను. కాఫీ తెచ్చి ఎదురుగా పెట్టినా చున్నీ తియ్యదే! చివరికి నేనే లాగాను. తీరా చూద్దును గదా, ముక్కు పక్కలా, పెదవుల చివర్లా, గడ్డం మీదా చర్మం ఎర్రగా కందిపోయి పొట్టు లేస్తోంది. బుగ్గలు నున్నగా, బిగుసుకుపోయినట్టు మెరుస్తున్నాయి. మొటిమలు తగ్గాయా అంటే, సంక్రాంతికి చూసినప్పటికంటె ఎక్కువే ఉన్నాయి.

"ఏమిటే ఇది?" అన్నాను.

"ఏం లేదత్తయ్యా, కాస్త పొడిబారింది" అని మళ్ళీ చున్నీ కప్పుకోబోయింది.

ఇక్కడ నా తెలివితక్కువతనం ఒకటి చెప్పుకోవాలి. పొడిబారింది అనేసరికి నాకు నలుగు జ్ఞాపకం వచ్చింది. మర్నాడు పొద్దున్నే పెసరపిండిలో చిటికెడు పసుపూ, పాలమీగడా, నాలుగు చుక్కల నిమ్మరసం కలిపి, పిల్ల వద్దు వద్దంటున్నా వినకుండా కూచోబెట్టి రుద్దాను. మా అమ్మ నాకు రుద్దింది, నేను మా పిల్లలకి రుద్దాను, ఎవరికీ ఏమీ కాలేదన్న ధీమా నాది. రెండు నిమిషాలు కాకుండానే "మంట, మంట" అంటూ లేచి పంపు దగ్గరకు పరుగెత్తింది. ముఖం కడుక్కుని చూసుకుంటే గడ్డం మీద రెండు చోట్ల చర్మం చిట్లి చెమ్మగిల్లింది. ఇంకో పద్ధెనిమిది రోజుల్లో నిశ్చితార్థం. నా గుండె జారిపోయింది.

అప్పుడు బయటపడింది ట్యూబు సంగతి. పెళ్ళిచూపుల నాడు మగపెళ్ళివారి వైపు పెద్దావిడ ఎవరో, "ఫోటోలో ఇన్ని మొటిమలు కనిపించలేదే" అన్నదట. నవ్వుతూనే అన్నది. పిల్ల కూడా నవ్వి ఊరుకుంది. కాని ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. ఆఫీసులో ఒక స్నేహితురాలు ఏదో మందు వాడితే ముఖం అద్దంలా అయిందని చెప్పింది. సెల్‌ఫోనులో ఎవరో రాసుకుంటూ చూపించారు. మందుల షాపులో చీటీ అడగలేదు. ఇరవై రోజులుగా పొద్దుటా రాత్రీ, రెండు పూటలా, స్నో రాసుకున్నట్టు ముఖమంతా పట్టిస్తోంది. పొట్టు లేస్తుంటే మందు పనిచేస్తోందనుకుని, ఇంకా తొందరగా పనిచెయ్యాలని మొటిమల సబ్బు ఒకటి కూడా దానికి తోడు చేసింది.

ట్యూబు తిప్పి చూస్తే, ట్రెటినాయిన్ 0.05 శాతం అని ఉంది.

ఆ సాయంత్రమే మా వీధి చివర ఉన్న చర్మ డాక్టరమ్మ దగ్గరకు తీసుకుపోయాను. ఆవిడ ముఖం చూడగానే అడిగిన మొదటి ప్రశ్న, "ఏం రాస్తున్నావు?" అని కాదు, "ఎంత రాస్తున్నావు?" అని. పిల్ల తన చూపుడువేలు మీద రెండు కణుపుల మేర చూపించింది. డాక్టరమ్మ తన బల్ల మీద ఉన్న ఏదో ట్యూబు తీసి, వేలికొసన బఠాణీ గింజంత పిండింది. "ముఖం మొత్తానికీ ఇంతే. అదీ రాత్రిపూట ఒక్కసారే" అన్నది.

"అంత కొంచెంతో ముఖం సగం కూడా తడవదు గదండీ!" అన్నాను నేను.

"తడవడానికి ఇది స్నో కాదండీ, మందు" అన్నదావిడ.

ఆవిడ చెప్పినది నాకు తెలిసిన మాటల్లో చెబుతాను. ఈ మందులు విటమిన్ ఏ కుటుంబానికి చెందినవి. రెటినాయిడ్లు అంటారు. ట్రెటినాయిన్, అడాపలీన్, టజారొటీన్ అనేవి మనకు తరచు కనిపించే పేర్లు. మన చర్మం కింది పొరలో కొత్త కణాలు పుడుతూ, పైకి వస్తూ, చివరికి పొట్టులా రాలిపోతూ ఉంటాయి. మొటిమలు వచ్చేవాళ్ళలో వెంట్రుక కుదుళ్ళ దగ్గర ఈ రాలవలసిన కణాలు ఒకదాన్నొకటి అంటుకుని, జిడ్డుతో కలిసి బిరడాలా కూచుంటాయి. రెటినాయిడ్ కణం లోపలికి పోయి దాని నడకనే మారుస్తుంది. కణాలు అంటుకోవడం తగ్గుతుంది, బిరడా వదులవుతుంది, కొత్త బిరడాలు పడవు. పైపైన ఎండబెట్టే మందు కాదన్నమాట. అందుకే ఫలితానికి రెండు మూడు నెలలు పడుతుంది.

అయితే ఈ మార్పు జరిగే మొదటి వారాల్లో చర్మం పై పొర పలచబడుతుంది. లోపలి చెమ్మ బయటికి పోతుంది, బయటి సబ్బూ ఎండా లోపలికి తగులుతాయి. గోడకు పాత సున్నం గీకి కొత్త సున్నం వేసే నాలుగు రోజులూ ఇల్లు ఎలా ఉంటుందో ముఖమూ అలా ఉంటుంది. పొడిబారడం, బిగుసుకున్నట్టుండడం, పొట్టు లేవడం, కాస్త ఎరుపు, దురద, నీళ్ళు తగిలితే చురచుర. ఇవన్నీ సరిగా వాడేవాళ్ళకి కూడా కొంత ఉంటాయి. మొదటి రెండు మూడు వారాల్లో మొటిమలు కొందరికి ఎక్కువైనట్టు కనిపిస్తాయి కూడాను. మెల్లగా చర్మం అలవాటు పడుతుంది, ఇబ్బంది సర్దుకుంటుంది.

"మరి ఈవిడది ఆ మామూలు ఇబ్బందేనా?" అని అడిగాను.

"కాదు. మామూలు ఇబ్బందిని ఈవిడ నాలుగింతలు చేసుకుంది. దాని మీద మీరు నలుగు పెట్టారు" అన్నది డాక్టరమ్మ. నేను తల వంచుకున్నాను.

ఇక్కడ మనవాళ్ళు ముఖ్యంగా జ్ఞాపకం పెట్టుకోవలసినది ఒకటి ఉంది. తెల్లవాళ్ళ చర్మం కందితే ఎర్రబడి తగ్గిపోతుంది. మన చామనఛాయ చర్మం కందితే, ఎరుపు తగ్గిన చోట నల్లమచ్చ మిగులుతుంది. అది పోవడానికి నెలలు పడుతుంది. మొటిమ మచ్చలు పోవాలని రాసుకున్న మందే, కొలత తప్పితే, కొత్త మచ్చలు తెచ్చిపెడుతుంది. అంచేత "మండుతోందంటే పనిచేస్తోందన్నమాట" అని ఓర్చుకోవడం మన చర్మానికి బొత్తిగా పనికిరాదు. ఎక్కువ రాస్తే ఎక్కువ మంటే గాని ఎక్కువ గుణం లేదు.

డాక్టరమ్మ ముందు ఆ ట్యూబూ, మొటిమల సబ్బూ, నా పెసరపిండీ అన్నీ ఆపించింది. వాసన లేని మెత్తటి సబ్బుద్రవంతో రోజుకు రెండుసార్లు కడుక్కుని, ఏ ఘాటూ లేని తేమ క్రీము మందంగా రాయమన్నది. పగలు ఎండకు రాసే సన్‌స్క్రీన్ 30 నంబరుకు తక్కువ కాకుండా రాసుకుని, గొడుగు వేసుకోమన్నది. చర్మం పూర్తిగా నెమ్మదించాక, సగం బలం ఉన్నది, అంటే 0.025 శాతం క్రీము, వారానికి రెండు రాత్రులతో మళ్ళీ మొదలుపెట్టమన్నది. దాని పద్ధతి కూడా చెప్పింది. పిల్ల ఫోనులో రాసుకుంటే నేను మా పచారీ పుస్తకం వెనక రాసుకున్నాను.

ముఖం కడుక్కున్న వెంటనే రాయకూడదు. తడి చర్మంలోకి మందు ఎక్కువగా దిగి మండుతుంది. ఇరవై, ముప్ఫై నిమిషాలు ఆరనివ్వాలి. ముందు తేమ క్రీము పలచగా రాసి, దాని మీద బఠాణీ గింజంత మందు నుదుట, బుగ్గల మీద, గడ్డం మీద చుక్కలుగా పెట్టి పరచాలి. కంటి రెప్పలూ, ముక్కు మడతలూ, పెదవుల మూలలూ వదిలెయ్యాలి. అక్కడ చర్మం పలచన, మందు చేరి నిలుస్తుంది. రెండు మూడు వారాలు ఓర్చుకుంటే రాత్రి విడిచి రాత్రికి మార్చవచ్చు, ఆ తరవాత ఓపికను బట్టి రోజూ. ట్రెటినాయిన్‌కి వెలుతురంటే పడదు, చెడిపోతుంది. రాత్రిపూట రాయమనడానికి అదొక కారణం. మొటిమ ఉన్న చోట మాత్రమే చుక్క పెట్టడం కూడా తప్పే. ఇది వచ్చిన మొటిమకు కాదు, రాబోయే మొటిమకు మందు. కందిపోతే ఒకటి రెండు రాత్రులు మానెయ్యడంలో నష్టమేమీ లేదు. అయితే కళ్ళు వాచినా, పొక్కులు లేచినా, రసి కారినా, మంటకు నిద్ర పట్టకపోయినా అది అలవాటు పడే ఇబ్బంది కాదు. వెంటనే ఆపి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

చివరలో డాక్టరమ్మ, "పెళ్ళెప్పుడు?" అని అడిగింది. శ్రావణంలో అన్నాం. "పిల్లల్ని కనాలనుకునేముందే ఇది ఆపెయ్యి. నాకు ఒక మాట చెప్పు" అన్నది. పిల్ల సిగ్గుపడింది గాని, సిగ్గుపడే విషయం కాదు. ఈ కుటుంబంలోనే ఐసోట్రెటినాయిన్ అని మింగే మాత్ర ఉంది. గర్భిణి అది వాడితే బిడ్డకు తీవ్రమైన అవకరాలు వస్తాయని రుజువైంది. పైన రాసుకునే మందు రక్తంలో చేరేది బహు కొద్ది. అయినా కడుపులో బిడ్డ విషయంలో కొద్దీ గొప్పా చూడకుండా మానెయ్యమంటారు. ఈ సంగతి పెళ్ళి కావలసిన పిల్లలకి ట్యూబు కొనేనాడే ఎవరు చెబుతున్నారు? షాపువాడు చెప్పడు, ఫోనులో రాసి చూపించేవాళ్ళూ చెప్పరు.

ఆ రాత్రి కుతూహలం కొద్దీ ఈ మందు పుట్టుపూర్వోత్తరాలు చదివాను. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే చర్మవైద్యుడు, తన సహచరులతో కలిసి, విటమిన్ ఏ ఆమ్లం మొటిమలకు పనిచేస్తుందని 1969లో ప్రకటించాడు. 1971లో అక్కడ మందుగా అమ్మడానికి అనుమతి వచ్చింది. అదే క్లిగ్‌మన్ 1951 నుంచి 1974 దాకా హోమ్స్‌బర్గ్ జైలులో ఖైదీల చర్మం మీద రకరకాల ప్రయోగాలు నడిపాడట. ఈ ఆమ్లం కూడా అందులో ఉంది. వాళ్ళలో ఎక్కువమంది పేద నల్లజాతివాళ్ళు. కొద్దిపాటి డబ్బుకు ఒప్పుకున్నారు. ఒంటి మీద ఏం రాస్తున్నారో, అది ఏం చేస్తుందో వాళ్ళకి సరిగా చెప్పిన వాళ్ళు లేరు. 2022లో ఫిలడెల్ఫియా నగరం ఆ పనికి క్షమాపణ చెప్పుకుంది. చదివాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఏం రాస్తున్నారో చెప్పకుండా వాళ్ళకి రాశారు. మనకు ట్యూబు మీదే రాసి ఉంటుంది, చెప్పే డాక్టర్లున్నారు. మనమే అడగకుండా రాసుకుంటున్నాం.

ఇంతటితో అయిపోతే బాగుండును. మూడో రోజున మా ఆడపడుచు తెనాలి నుంచి వచ్చింది. కూతురి ముఖం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తరవాత నన్ను వంటింట్లోకి పిలిచి, పర్సులోంచి ఇంకో ట్యూబు తీసింది. "వదినా, డాక్టర్ని నమ్ముకుంటే నిశ్చితార్థానికి తగ్గదు. ఇది రాద్దాం. నాలుగు రోజుల్లో ఎరుపూ పోతుంది, రంగూ తేలుతుంది" అన్నది.

"నీకెలా తెలుసు?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. ఆ తరవాత చెప్పింది. రెండేళ్ళ క్రితం బుగ్గల మీద మంగు వచ్చిందట. ఎవరో చెబితే ఈ క్రీము కొన్నది. పదిహేను రోజుల్లో మంగు మాయమై ముఖం తెల్లబడింది. ఆపితే మళ్ళీ వచ్చింది, ఇంకా నల్లగా. మళ్ళీ రాసింది. అప్పటినుంచీ రాస్తూనే ఉంది. ఖాళీ డబ్బా చూపిస్తే షాపువాడు కొత్తది ఇస్తాడు. పొయ్యి దగ్గర నిలబడితే ముఖం మండుతుంది. ఆమధ్య గడ్డం మీద నూగు ఎక్కువైందట, పార్లరులో తీయించుకుంటోంది. నేను వెలుతురులోకి తీసుకొచ్చి చూశాను. ఎంత తెల్లబడ్డావమ్మా అని నేనే కిందటి దసరాకు మెచ్చుకున్న ముఖం అది. దగ్గరగా చూస్తే బుగ్గల మీద సన్నటి ఎర్రటి నరాలు దారాల్లా కనిపిస్తున్నాయి.

ఆ ట్యూబు మీద మూడు మందుల పేర్లున్నాయి: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్. చర్మంలో నలుపు తయారు కాకుండా చేసేది మొదటిది. రెండోది కూతురి ట్యూబులో ఉన్నదే. మూడోది స్టిరాయిడ్. ఇలాంటి మూడింటి కలయికను మంగుకు మందుగా 1975లో అదే క్లిగ్‌మన్, విల్లిస్ అనే మరొకరితో కలిసి ప్రకటించాడు. అందులో స్టిరాయిడ్ వేరు, గాని ఆలోచన ఒకటే. డాక్టరు చూస్తూండగా కొద్ది వారాలు వాడవలసిన మందు ఇది. మన దేశంలో చాలామంది దీన్ని రోజూ రాసుకునే తెల్లబరిచే క్రీముగా చేసుకున్నారు. ట్రెటినాయిన్ మంటను స్టిరాయిడ్ కప్పిపెడుతుంది. అంచేత హాయిగా ఉన్నట్టనిపిస్తుంది. ఆ హాయిలోనే చర్మం పలచబడుతుంది, నరాలు తేలతాయి, నూగు వస్తుంది, మొటిమలు వస్తాయి. ఆపితే ఒక్కసారిగా భగ్గుమంటుంది. ఆ భయంతో మళ్ళీ రాస్తారు. ఒక విధంగా ఇది వ్యసనమే.

మా ఆడపడుచు ఒక్కతే అయితే ఆమె తెలివితక్కువ అని ఊరుకోవచ్చు. 2011లో మన చర్మవైద్యులు ప్రచురించిన ఒక పరిశీలనలో, ముఖం మీద చర్మవ్యాధులతో వచ్చిన 2,926 మందిని అడిగితే, 433 మంది ముఖానికి స్టిరాయిడ్ పూత వాడుతున్నారని తేలింది. అంటే నూటికి సుమారు పదిహేను మంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టిరాయిడ్ పూతమందులు చాలావాటిని డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని జాబితాలోకి తెచ్చింది. చట్టం ఉంది, మా ఆడపడుచు చేతిలో ఖాళీ డబ్బా కూడా ఉంది.

మర్నాడు తల్లినీ కూతుర్నీ కలిపి డాక్టరమ్మ ముందు కూచోబెట్టాను. నేను రానంటే రానని, నా వయస్సుకి ఇప్పుడు ముఖం ఎవరు చూస్తారని ఆవిడ చాలా గొడవ చేసింది. కూతురే, "నువ్వు రాకపోతే నేనూ వెళ్ళనమ్మా" అని మొండికేసింది. డాక్టరమ్మ కోప్పడలేదు. ఆ క్రీముతో ఆడకుండా ఎలా బయటపడాలో, మొదట్లో ముఖం ఎంత మండవచ్చో, అప్పుడేం చెయ్యాలో ఒక్కొక్కటే చెప్పింది. కొన్ని నెలల పని అన్నది. మా ఆడపడుచు తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఒక్క మాటన్నది: "మంగు వచ్చినప్పుడు ఆయన ఏమీ అనలేదు వదినా. ఎవరూ ఏమీ అనలేదు. నాకే అనిపించింది."

నిశ్చితార్థం అయింది. పిల్ల ముఖం మీద పొట్టు పోయింది, ఎరుపు చాలావరకు తగ్గింది. గడ్డం మీద నేను రుద్దిన చోట మాత్రం రెండు నల్లమచ్చలు అలాగే ఉన్నాయి. మా ఆడపడుచు ముఖం ఆ రోజున కందగడ్డలా ఉంది. పౌడరు వెయ్యవద్దన్నారని ఊరికే బొట్టు పెట్టుకుని కూచుంది. మగపెళ్ళివారి పెద్దావిడ పిల్లను దగ్గరకు పిలిచి, "గడ్డం మీద అదేమిటమ్మా?" అననే అన్నది. మా గుండెలు దడదడలాడాయి. పిల్ల మామూలుగా, "మొటిమలకి మందు ఎక్కువ రాశానండీ. ఇప్పుడు సరిగా వాడుతున్నాను, తగ్గుతుంది" అన్నది. "మా మనవరాలు కూడా ఏదో రాస్తోందే, పేరేమిటి చెప్పు?" అన్నదావిడ. ఇద్దరూ అరగంట ట్యూబుల మీదే మాట్లాడుకున్నారు. బఠాణీ గింజ సంగతి పిల్ల వేలు పెట్టి చూపించడం దూరాన్నించి చూశాను.

ఈ సంగతి మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఇక్కడే జవాబులు రాస్తున్నాను.

రాజమండ్రి నుంచి ఒక సోదరి: "నాకు నలభై రెండు. ముడతలకు రెటినాల్ క్రీము రాసుకోమని మా చెల్లెలు పంపింది. ఇదీ అదీ ఒకటేనా?" — బంధువులే. రెటినాల్ బలం తక్కువది. చర్మంలో కొంత కొంత మారి ఆ ఆమ్లమే అవుతుంది. అంచేత ఇబ్బందీ తక్కువ, ఫలితమూ నెమ్మది. జాగ్రత్తలు మాత్రం అవే: రాత్రిపూట, కొద్దిగా, వారానికి రెండు మూడుసార్లతో మొదలు. పగలు ఎండకు సన్‌స్క్రీన్ రాయనివాళ్ళు రాత్రి ఈ క్రీముకు డబ్బు పొయ్యడం దండగ.

నెల్లూరు నుంచి ఒక తల్లి: "మా అబ్బాయికి పదహారేళ్ళు. అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ కలిసిన జెల్ డాక్టరు రాశారు. దిండు గలీబులూ తువ్వాళ్ళూ తెల్ల మచ్చలు పడుతున్నాయి. మందు మంచిదేనా?" — మందు మంచిదే. బెంజాయిల్ పెరాక్సైడ్ బట్టల రంగు తీసేస్తుంది. అబ్బాయికి తెల్ల గలీబు, తెల్ల తువ్వాలు ఇవ్వండి. అడాపలీన్ దానితో కలిసి నిలుస్తుంది గాని, మామూలు ట్రెటినాయిన్ దానితో కలిస్తే చెడుతుంది. అందుకని ఇంట్లో ఉన్న ఇంకో ట్యూబుతో కలిపి రాయనివ్వకండి.

ఖమ్మం నుంచి ఒక చెల్లెలు: "పై పెదవి దగ్గర వ్యాక్సింగ్ చేయిస్తే చర్మం ఊడివచ్చింది. నేను ట్రెటినాయిన్ రాస్తున్నట్టు పార్లరులో చెప్పలేదు." — చెప్పవలసింది. ఈ మందు వాడే చోట మైనంతో పాటు చర్మం పై పొర కూడా లేస్తుంది. కనీసం వారం పది రోజులు ముందే మందు ఆపాలి. అసలు వ్యాక్సింగే మానుకుంటే ఇంకా మంచిది. పుండు మానేదాకా మందు రాయకండి.

పేరు రాయని ఇంకొకామె: "మూడో నెల. తెలియక మొదటి నెలంతా ట్రెటినాయిన్ క్రీము రాశాను. నిద్ర పట్టడం లేదు." — అమ్మా, ముందు స్థిమితపడు. పైన రాసుకున్నది ఒంట్లో చేరేది చాలా కొద్ది. వెంటనే మానెయ్యి, నిన్ను చూసే డాక్టరుకు దాచకుండా చెప్పు, ఆవిడ చెప్పిన పరీక్షలు చేయించుకో. మింగే మాత్రలు కూడా వేసుకుని ఉంటే మాత్రం రేపటిదాకా ఆగకుండా ఇవాళే వెళ్ళు.

మా మేనకోడలు ఇప్పుడు వారానికి రెండు రాత్రులు బఠాణీ గింజంత మందు రాసుకుంటోందట. నిన్న ఫోను చేసి, "అత్తయ్యా, మళ్ళీ నాలుగు మొటిమలు లేచాయి. అయినా ఊరుకున్నాను" అన్నది. తొందరపడని ఆ ఊరుకోవడమే కష్టం. వాళ్ళమ్మ ముఖం ఇంకా ఎర్రగానే ఉంది. క్రీము జోలికి పోవడం లేదని మాత్రం రోజూ నాకు చెబుతోంది, నేను అడగకుండానే.

వచ్చే వారం తప్పకుండా ఆవకాయ. కొలతలన్నీ ఇస్తాను. ఆవపిండి నా ఇష్టం వచ్చినంత పోస్తానని మాత్రం ఎవరూ రాయకండి.